బిల్లు చదువుదాం – మూడో పాఠం: ధ్రువపత్రం కాదు, వస్తువు పేరు చూపండి

అంధులు వాడే పరికరాలకు జీఎస్టీ 5 శాతమేనని పోయిన పాఠంలో చెప్పుకున్నాం. ఆ తర్వాత మిర్యాలగూడ నుంచి, వనపర్తి నుంచి, నల్లగొండ నుంచి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకటే ఫిర్యాదు. దుకాణానికి వెళ్లారు, వికలాంగులమని చూపే సదరం ధ్రువపత్రమో యూడీఐడీ కార్డో బల్ల మీద పెట్టారు, పన్ను తగ్గించమన్నారు. "అలాంటి రాయితీ మా దగ్గర లేదు" అన్న జవాబు విని 18 శాతం కట్టి వచ్చారు. అందుకే ఈసారి చెప్పాల్సిన క్రెడిట్ నోట్ (ఎక్కువ వేసిన బిల్లును సరిచేస్తూ అమ్మినవారు ఇచ్చే పత్రం) సంగతిని కుదించి, ముందు ఈ చిక్కు విప్పుతాను.

దుకాణదారు అబద్ధం చెప్పలేదు. ధ్రువపత్రం చూపినవారికి తగ్గించే పన్ను ఇక్కడ లేనే లేదు. పింఛనుకూ బస్సు పాసుకూ మనిషిని చూస్తారు. మన పరికరాల జీఎస్టీకి చూసేది వస్తువును. చూపున్న అక్క తమ్ముడి కోసం మాట్లాడే గడియారం కొన్నా పన్ను 5 శాతమే. చూపులేని తమ్ముడు మామూలు గడియారం కొంటే 18 శాతమే. ధ్రువపత్రం బయటికి తీయగానే అవతలివారికి మీరు దయ అడుగుతున్నట్టు తోస్తుంది. మీరు అడుగుతున్నది సరైన రేటు. దాన్ని నిలబడి, నిబ్బరంగా అడగండి.

రేట్ల నోటిఫికేషన్‌కు జతచేసిన జాబితాలో బ్రెయిలీ పలకలు, స్టైలస్‌లు, బ్రెయిలీ రాత యంత్రాలు, చేతికర్రలు, లెక్కలు చేసుకునే టేలర్ ఫ్రేములు, మాట్లాడే కాలిక్యులేటర్లు, మాట్లాడే థర్మామీటర్లు, ప్రత్యేకంగా మార్చిన గడియారాలు, బ్రెయిలీ డిస్‌ప్లేలు, బ్రెయిలీ అచ్చువేసే ఎంబాసర్లు, బ్రెయిలీ కాగితం ఉన్నాయి. వీటితోపాటు అంధుల కోసమే ప్రత్యేకంగా తయారైన ఇతర ఉపకరణాలన్నీ వస్తాయి. ఫోనులో తెర మీదిది చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఉన్నా, అది అందరి కోసం చేసిన ఫోనే కాబట్టి 18 శాతం. ల్యాప్‌టాప్ కూడా అంతే. కంప్యూటర్‌లో అదే పని చేసే స్క్రీన్ రీడర్ సాఫ్ట్‌వేర్ లైసెన్సు కొన్నా 18 శాతమే. అది చేతికందే వస్తువు కాదు. నేనైతే నా దగ్గరికి వచ్చేవారికి ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ పెట్టుకోమంటాను. ఉచితం కనుక పన్ను ప్రశ్నే రాదు.

2017 జులై 1న జీఎస్టీ వచ్చినప్పుడు ఈ 5 శాతం కూడా వద్దని వికలాంగుల సంఘాలు నిరసన తెలిపాయి. సున్నా చేస్తే దేశీయ తయారీదారులు ముడిసరుకుపై కట్టిన పన్నును సర్దుబాటు చేసుకోలేరని కేంద్రం జవాబిచ్చింది. వినికిడి యంత్రాలకు సున్నా ఇవ్వగలిగినప్పుడు తెల్లకర్రకు ఇవ్వకపోవడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. అది మారేదాకా 5కు మించి కట్టకుండా చూసుకోవడం మన చేతుల్లో ఉంది.

"కంప్యూటర్‌లో పద్దెనిమిదే వస్తోంది" అన్నది మీరు విన్న రెండో జవాబు. దాని వెనక కారణం ఉంది. మామూలుదైనా మాట్లాడేదైనా కాలిక్యులేటర్ హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (పన్ను కోసం వస్తువులను వర్గీకరించే సంఖ్య) 8470తోనే మొదలవుతుంది. ఆ కోడ్ కొట్టగానే సాఫ్ట్‌వేర్ 18 తెచ్చి పెడుతుంది. మన జాబితా మాత్రం ఆ వర్గీకరణలోని ఒక అధ్యాయానికి కట్టుబడి లేదు. వస్తువు ఏ అధ్యాయం కిందిదైనా అందులో ఉంటే చాలు. అందుకే బిల్లులో "కాలిక్యులేటర్" అని వదిలేయనివ్వకండి. "అంధుల కోసం మాట్లాడే కాలిక్యులేటర్" అని పూర్తి పేరు రాయించండి.

ఇప్పుడు నన్ను బాగా విసిగించే లెక్క. 1,180 రూపాయల బిల్లుకు మీలో చాలామంది 18లోంచి 5 తీసి, మిగిలిన 13 శాతాన్ని 1,180 మీద వేసి, 153 రూపాయల 40 పైసలు వెనక్కి ఇమ్మన్నారు. ఇది తప్పు. పన్ను వేసింది 1,180 మీద కాదు, పన్ను కలపకముందున్న 1,000 మీద. సరైన బిల్లు 1,050 కావాలి. మీకు రావలసింది 130. 2,360 బిల్లుకు 260. 590కి 65. గుండ్రని అంకెలు కానప్పుడు నా దగ్గరి దారి ఇది: మొత్తాన్ని 118తో భాగించి 13తో గుణించండి. 799 కట్టినవారికి 88 రూపాయల 3 పైసలు రావాలి, 103 కాదు. పదిహేను రూపాయలే కదా అనుకోవద్దు. దుకాణం లెక్కలు చూసేవారు మీ అంకెలో తప్పు పట్టుకుంటే, మీ న్యాయమైన కోరికను కూడా పక్కన పెడతారు.

తెలంగాణలో ఏడాది అమ్మకాలు 20 లక్షల లోపున్న సరుకుల దుకాణానికి సాధారణంగా జీఎస్టీ నమోదు అవసరం లేదు. కాంపొజిషన్ పథకంలో (అమ్మకాలపై కొద్ది శాతం తామే కట్టే చిన్న వ్యాపారుల పథకం) ఉన్నవారు కూడా బిల్లులో పన్ను వసూలు చేయరాదు. అలాంటి చోట అడగడానికి ఏమీ ఉండదు.

ఎక్కువ వేసిన పన్నును అమ్మినవారు క్రెడిట్ నోట్ ఇచ్చి సరిచేస్తారు. ఆ పన్నును వారు తమ రిటర్నులో తగ్గించుకోవడానికి గడువు ఆ ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30, లేదా వార్షిక రిటర్ను వేసిన రోజు, ఏది ముందైతే అది. ఆలస్యం చేస్తే వారికీ దారి మూసుకుపోతుంది.

అభ్యాసం: హైదరాబాద్ దుకాణంలో కొన్న మాట్లాడే గడియారానికి బిల్లు 1,416 రూపాయలు. వస్తువు పేరు "గడియారం" అని మాత్రమే ఉంది, పన్ను 18 శాతం. అసలు ధర, ఉండాల్సిన సీజీఎస్టీ (కేంద్రం వాటా), ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా), వెనక్కి రావలసిన మొత్తం కాగితం చూడకుండా లెక్కగట్టి, క్రెడిట్ నోట్ కోరుతూ దుకాణానికి ఐదు వాక్యాల ఉత్తరం రాయండి. అదే గడియారాన్ని బెంగళూరు అమ్మకందారు నుంచి నాగర్‌కర్నూలుకు తెప్పించుకుంటే బిల్లులో ఏ పన్ను, ఎన్ని రూపాయలు కనిపించాలో దాని కిందే రాయండి.