చిలుము పట్టిన నాణేలకు చింతపండు వద్దు

చెలకలో మెటల్ డిటెక్టర్‌కు దొరికిన రాగి పైసను చింతపండుతోనో పీతాంబరితోనో తోమొద్దు. తళతళ మెరుస్తుంది, కానీ అక్షరాలు పోతాయి. ఎన్నో ఏళ్లు మట్టిలో ఉన్న నాణేనికి అచ్చు చాలాసార్లు ఆ పచ్చటి పొరలోనే మిగిలి ఉంటుంది, పులుపు ముందు దాన్నే తింటుంది.

బోరునీళ్లు కూడా వద్దు. మన నల్లగొండ నీళ్లలో ఉప్పులు ఎక్కువ, వాటిలోని క్లోరైడ్ రాగిని లోపల్నుంచి కొరుకుతుంది. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ కొనండి (యాసిడ్ డబ్బా కాదు, లేబుల్ చూసుకోండి). గాజు గ్లాసులో నాణెం మునిగేలా పోసి, రెండు మూడు రోజులకోసారి నీళ్లు మార్చండి. మూడు నాలుగు వారాలు పడుతుంది. మధ్యలో మెత్తటి టూత్‌బ్రష్‌తో రుద్ది, మొండి మట్టిని చీపురుపుల్లతో తడిమీదే గీకండి. గుండుసూది పెడితే గీత పడ్డట్టే.

బాగా ఆరాక లేత పచ్చ పొడి మళ్లీ రాలుతుంటే క్లోరైడ్ ఇంకా పోలేదని అర్థం, దాన్ని మిగతావాటితో కలపకుండా తిరిగి నానబెట్టండి.

తెల్లటి పొడి పట్టిన మెత్తటి బరువైన నాణెమైతే సీసం కావచ్చు. సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో 2024లో కుండలో బయటపడ్డ ఇక్ష్వాకుల నాణేలు సీసానివే. సీసం నాణేన్ని నానబెట్టొద్దు, గీకొద్దు. వెనిగర్ దగ్గరికి కూడా రానీయొద్దు. ఆ పొడి విషం, చేతులు కడుక్కోండి.

నాణేల కుండో, కుప్పో దొరికితే అసలు కడగకండి. 1878 నాటి నిధుల చట్టం (ట్రెజర్ ట్రోవ్ యాక్ట్) ప్రకారం పది రూపాయల విలువ దాటిన నిధిని కలెక్టర్‌కు తెలపాలి.