ఎనిమిది పలకల వాచీకి వచ్చే తిప్పలు: సమస్య - పరిష్కారం

స్విస్ కంపెనీ ఓడెమార్ పిగే చేసే రాయల్ ఓక్ గానీ, దాని బాటలో వచ్చిన మరో స్టీలు స్పోర్ట్స్ వాచీ గానీ మీ చేతికి ఉంటే, నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర విప్పించే ముందు ఇది చదవండి. హెచ్‌ఎంటీ మీద చేయి తిరిగిన మెకానిక్‌కు పనితనం తక్కువని కాదు, ఈ వాచీ కట్టుబడే వేరు.

పైనున్న స్క్రూలు తిరగడం లేదు

తిరగవు, తిప్పకండి. 1972లో వచ్చిన రాయల్ ఓక్ బొమ్మ గీసిన డిజైనర్ జెరాల్డ్ జెంటా, పాతకాలం డైవర్లు తలకు పెట్టుకునే ఇత్తడి హెల్మెట్‌ను చూసి గీశాడు. అద్దం చుట్టూ బోల్టులు, కింద నీళ్లు చొరకుండా రబ్బరు రింగు. ఆ ఎనిమిది బోల్టుల తలలూ ఆరు పలకలవి, ఆరు పలకల గుంటల్లోనే కూర్చుంటాయి. అందుకే వాటి గీతలన్నీ ఒక వరుసలో ఉంటాయి. విప్పేది వెనక నుంచి. పైనుంచి స్క్రూడ్రైవర్ పెట్టి బలం చూపిస్తే బెజెల్ (అద్దం చుట్టూ ఉండే ఎనిమిది పలకల చట్రం) మీద గీత మిగులుతుంది, అంతే.

వాచీ ఆగినట్టుంది

సెకన్ల ముల్లు ఉందా చూడండి. తొలి మోడల్‌కు, దాని వారసులైన పల్చటి వాటికి అది లేదు. పది నిమిషాలాగి నిమిషాల ముల్లు చూడండి. నిజంగా ఆగితే, పెళ్లిళ్లకు తప్ప పెట్టుకోకపోవడమే కారణం కావచ్చు, ఆటోమేటిక్ వాచీకి చేతి కదలికే చావీ. చావీ ఇచ్చి పెట్టుకోండి.

గీతలు పడ్డాయి, పాలిష్ చేయిస్తే?

నన్నడిగితే వద్దు. స్టీలు వాచీకి బంగారం ధర పెట్టి అమ్మగలిగారంటే, దాని పనితనమే కారణం: పై ముఖం సన్నటి గీతలతో మసకగా, అంచులు అద్దంలా. పాలిష్ చక్రం మీద పెడితే రెండూ కలిసిపోయి, పలకలు సబ్బుబిళ్లలా గుండ్రబడతాయి. పోయిన లోహం మళ్లీ రాదు. చిన్న గీతలతోనే వాడుకోండి.

అద్దం లోపల ఆవిరి

రబ్బరు రింగు పాతబడింది, లేదా చావీ సరిగా లోపలికి నొక్కలేదు, బిగించే రకమైతే బిగించలేదు. చాలా మోడళ్లకు 50 మీటర్లని ఉంటుంది. అది టెస్టులో తట్టుకున్న ఒత్తిడి లెక్క. దాన్ని నమ్మి సాగర్ నీళ్లలో దూకొద్దు. ఎండలోంచి ఏసీ గదిలోకి రాగానే ఆవిరి పట్టిందంటే తేమ అప్పటికే లోపల ఉన్నట్టే. ఎండలో పెట్టడం, బియ్యంలో దాచడం మానేసి వెంటనే కంపెనీ సర్వీసుకు ఇవ్వండి. రింగు మార్చి ఒత్తిడి టెస్టు చేయించమని చెప్పండి.

రోజుకు నిమిషాల కొద్దీ ముందుకు పోతోంది

ఎక్కువగా అయస్కాంతం పనే: స్పీకర్ బాక్సు, మ్యాగ్నెట్ ఉన్న ఫోన్ కవర్. లోపలి సన్నటి స్ప్రింగు చుట్లు అంటుకుని వేగం పెరుగుతుంది. దీనికి హైదరాబాద్ పోనక్కర్లేదు. డీమ్యాగ్నెటైజర్ (అయస్కాంత ప్రభావం తీసేసే పరికరం) ఉన్న మెకానిక్ ఎవరైనా వాచీ విప్పకుండానే సరిచేస్తాడు.

గొలుసు సందుల్లో తెల్లటి పొర

ఫ్లోరైడ్ అని టెన్షన్ వద్దు, మన బోరు నీళ్ల ఉప్పు అది. మెత్తటి బ్రష్, కొంచెం సబ్బుతో కడిగి, చివర్లో ఫిల్టర్ నీళ్లు పోసి తుడవండి.

బజారు స్ట్రాప్ పట్టడం లేదు

పట్టదు. గొలుసు, కేసు ఒకే గీతలో కలిసేలా చేశారు, మామూలు స్ట్రాప్ తగిలించే కొమ్ములే ఉండవు. ఆ మోడల్ కోసం చేసినదే కొనాలి.