జిప్సీ ఫోర్ వీల్ లివర్ బిగుసుకుపోతే: నా అనుభవం

సెకండ్‌హ్యాండ్‌లో కొన్న పాత మారుతి జిప్సీ కింగ్ జీపు నాది. 4హెచ్ (నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే స్థానం) వేశాక లివర్ మళ్లీ 2హెచ్‌కి (వెనక రెండు చక్రాలకే బలం అందే స్థానం) రానంటోంది. తారు రోడ్డు మీద మలుపు తిప్పితే ఎవరో వెనక నుంచి పట్టి లాగినట్టు బిగుస్తోంది.

గేర్ ఆయిల్ మార్చడం, లివర్‌కి గ్రీజు పెట్టడం, బలంగా గుంజడం, ఏదీ పనిచేయలేదు.

ఈ బండికి సెంటర్ డిఫరెన్షియల్ (ముందు, వెనక చక్రాలు వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) లేదు. 4హెచ్‌లో ముందు, వెనక చక్రాలకు బలం అందించే షాఫ్ట్‌లు ఒకే వేగంతో తిరగాల్సిందే. నా బండికి ముందు టైర్లు కొత్తవి, వెనకవి బాగా అరిగి కాస్త చిన్నవైనవి, అందుకే వాటి వేగాల్లో తేడా వస్తుంది. మట్టిలో అయితే చక్రాలు కాస్త జారి ఆ తేడా సర్దుకుంటుంది. తారు మీద జారవు, ఒత్తిడంతా గేర్ల మీద పడి లివర్ బిగుస్తుంది.

ఆ ఒత్తిడి వదిలించడానికి చదునైన ఖాళీ స్థలంలో స్టీరింగ్ నిటారుగా పెట్టి, రివర్స్‌లో మెల్లగా నాలుగైదు మీటర్లు నేరుగా పోనిచ్చాను. బండి కదులుతుండగానే యాక్సిలరేటర్ వదిలేసి, క్లచ్ తొక్కి, లివర్‌ని 2హెచ్ వైపు కదిపాను. బలం అక్కర్లేదు, టక్కున పడింది. ఆ తర్వాత నాలుగూ ఒకే సైజు కొత్త టైర్లు వేయించాను. ఖర్చయింది కానీ మళ్లీ బిగుసుకోలేదు.

లోపల గేర్లను జరిపే ఫోర్క్ వంగి ఉంటే ఈ చిట్కా పనిచేయకపోవచ్చు. అప్పుడు గేర్‌బాక్స్ తెలిసిన మెకానిక్ చూడాల్సిందే.