బండిని పక్కనుంచి చూడండి: వ్యాగన్లూ క్రాసోవర్లూ కొలిచే పద్ధతి

కారు కొనడానికి వెళ్లినవాళ్లు ముందు నిలబడి చూస్తారు. గ్రిల్లు, లైట్లు, బోనెట్ మీద గీతలు నచ్చితే సగం బేరం అయిపోయినట్టే. విజయవాడ ఆటోనగర్‌లో టింకరింగ్ షెడ్డు నడుపుకునేవాణ్ణి, నేను చెప్పేది పక్కకెళ్లి నిలబడమని. ఫేస్‌లిఫ్ట్ అంటూ కంపెనీలు మార్చేది ఎక్కువగా బంపర్లు, లైట్లు, గ్రిల్లు. తలుపులు, పైకప్పు జోలికి అంత తొందరగా పోరు, ఆ రేకుల అచ్చులకయ్యే ఖర్చు అలాంటిది. ఫ్యాషనంతా ముందువైపు ఉంటుంది, అసలు బండి పక్కనుంచి కనిపిస్తుంది.

పది పన్నెండు అడుగులు వెనక్కి జరగండి. ఫోన్‌ని నడుమెత్తులో పట్టుకుని రెండు చక్రాలూ పూర్తిగా పడేలా ఫొటో తీయండి. కంటి ఎత్తునుంచి తీస్తే పైకప్పు వాలు సరిగా తెలియదు. ఇప్పుడు ఆ ఫొటోలో చక్రాల చుట్టూ, తలుపుల కింద ఉన్న నల్ల ప్లాస్టిక్ క్లాడింగ్‌ని వేలితో మూసేయండి. మిగిలిన రేకుని చూడండి. వెనక డోరు దాటాక ఇంకో అద్దం ఉండి, పైకప్పు పెద్దగా వాలకుండా డిక్కీ దాకా పోయి అక్కడ కిందికి దిగితే అది స్టేషన్ వ్యాగన్ వంశం. వెనక డోరు అవగానే పైకప్పు కూడా అయిపోతే హ్యాచ్‌బ్యాక్, నెత్తిన ఎన్ని రూఫ్ రెయిల్స్ బిగించినా సరే. ఆ హ్యాచ్‌బ్యాక్‌నే నేలనుంచి కాస్త లేపి, బోనెట్ ఎత్తు పెంచి, అద్దాలు సన్నం చేస్తే ఇవాళ్టి చిన్న క్రాసోవర్లలో చాలావాటి ఆకారం వచ్చేస్తుంది.

నమ్మకం కుదరకపోతే మారుతి బలెనోనీ, 2023లో వచ్చిన ఫ్రాంక్స్‌నీ పక్కపక్కన పెట్టించి టేపు పట్టండి. ముందు చక్రం నడిమి నుంచి వెనక చక్రం నడిమికి రెండింట్లోనూ 2520 మిల్లీమీటర్లే. పొడవు బలెనో 3990, ఫ్రాంక్స్ 3995. ఎత్తు మాత్రం 1500 నుంచి 1550కి పెరిగింది. డిక్కీ చూస్తే బలెనోకి 318 లీటర్లు, ఫ్రాంక్స్‌కి 308. పెద్దగా కనిపించేదాంట్లోనే సామాను చోటు కాస్త తక్కువ! ఎర్టిగా, దానికే క్లాడింగ్ తొడిగిన ఎక్స్‌ఎల్6 కూడా అంతే, రెండింటి చక్రాల మధ్య దూరం 2740. ఇదంతా మోసమని నేననను. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ బలెనోలోకి వంగి కూలబడాలి, ఫ్రాంక్స్‌లోకైతే జరిగి కూర్చుంటుంది. ఆ సుఖానికి డబ్బులివ్వచ్చు. డిక్కీ కోసమని మాత్రం ఇవ్వకండి.

మనకి వ్యాగన్లు రాలేదా అంటే, వచ్చాయి. 1992లో టాటా ఎస్టేట్, తర్వాత పాత బలెనో సెడాన్ మీద చేసిన ఆల్టురా, ఫియట్ వీకెండ్, 2004లో ఇండిగో మెరీనా, స్కోడా ఆక్టావియా కాంబి. ఒక్కటీ నిలదొక్కుకోలేదు. మెరీనాని చూసి ‘ఇదేంటండీ, అంబులెన్స్‌లా ఉంది’ అన్న మాట మా షెడ్డులోనే విన్నాను. నాకైతే దాని వెనకవైపు ఇప్పటికీ ముద్దొస్తుంది, అది వేరే సంగతి.

ఇష్టాయిష్టాల సంగతి అలా ఉంచితే, వ్యాగన్‌కి గట్టి దెబ్బ పన్ను వైపు నుంచి తగిలింది. 2006 బడ్జెట్‌లో చిన్న కార్ల ఎక్సైజ్ సుంకం 24 శాతం నుంచి 16కి దించారు. షరతు ఏమిటంటే, బండి 4 మీటర్లు దాటకూడదు, ఇంజన్ పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ లోపే ఉండాలి. వ్యాగన్ బతికేదే పొడవు మీద. పొడవుకి పన్ను పడింది, ఎత్తుకి పడలేదు, బళ్లు పైకి పెరిగాయి. ఇండిగో సెడాన్ డిక్కీని కుదించి 4 మీటర్లలోకి తెచ్చిన ఇండిగో సీఎస్, అంటే కాంపాక్ట్ సెడాన్, 2008లో దిగింది. 2025 సెప్టెంబరు 22 నుంచి అమలైన కొత్త జీఎస్టీలోనూ ఆ 4 మీటర్ల గీత అలాగే ఉంది: షరతులకి లోబడితే 18 శాతం, దాటితే 40.

ఈ లెక్క తెలిస్తే ఏ బండి ఏ కాలానిదో ఆకారం చూసే చెప్పొచ్చు. 2013లో ఎకోస్పోర్ట్ స్టెప్నీని వెనక తలుపుకి తగిలించుకుని వచ్చింది. దాని చుట్టుపక్కల ఏళ్లలోనే క్రాస్ పోలో, ఎటియోస్ క్రాస్, అవెంచురా, ఐ20 యాక్టివ్ వచ్చాయి, అన్నీ హ్యాచ్‌బ్యాక్‌కి క్లాడింగ్ తొడిగినవే. సెకండ్‌హ్యాండ్‌లో ఇవి కనబడితే, ప్లాస్టిక్‌కి ఎక్కువ కట్టకుండా మామూలు హ్యాచ్‌బ్యాక్ ధర పెట్టుకుని బేరం మొదలెట్టండి. 2016లో వచ్చిన బ్రెజా పెట్టెలా ఎత్తుగా నిలబడే బండిగానే పుట్టింది, ఆ తేడా ఫొటోలో వేలు పెట్టి మూసినా తెలుస్తుంది. 2024లో కర్వ్, బసాల్ట్ పైకప్పుని వెనక్కి జార్చాయి. 2025 చివర్లో మళ్లీ సియెరా పేరుతో నలుచదరపు ఆకారం వచ్చింది. గాలి ఇప్పుడు పెట్టెలవైపు తిరిగింది. నాకు సంతోషమే, డిక్కీ నిండా సామాను పడుతుంది.

జారుడు కప్పు బండి నచ్చితే వెనక సీట్లో ఇంట్లో అందరికన్నా పొడవైనవాళ్లని కూర్చోబెట్టండి. తలకీ కప్పుకీ మధ్య పిడికిలి పట్టాలి. డిక్కీ లీటర్లని కాగితం మీద చదవకండి, మీ సూట్‌కేసుని షోరూముకి మోసుకెళ్లండి. నేలనుంచి డిక్కీ గడప ఎత్తు కొలవండి, ఎందుకంటే ఎత్తు బళ్లలో 25 కిలోల బియ్యం బస్తా లేపాల్సింది అక్కడిదాకానే. సేల్స్ కుర్రాడు వింతగా చూస్తాడు, చూడనివ్వండి. గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకీ బండి అడుగుకీ మధ్య ఖాళీ, ఆ అంకె ఖాళీ బండిదా, మనుషులు ఎక్కినదా అని అడగండి, అయిదుగురు ఎక్కాక అది తగ్గుతుంది. ముందు బంపర్ కింది అంచు ఎంత ముందుకి పొడుచుకొచ్చిందో కూడా చూసుకోండి. స్పీడ్ బ్రేకర్ దగ్గర అండర్‌బాడీ కన్నా ముందు గీసుకునేది చాలాసార్లు అదే.

రూఫ్ రెయిల్స్ మీద సామాను కట్టే ముందు మాన్యువల్ తీసి పైకప్పు బరువు పరిమితి చదవండి. కొన్ని అలంకారానికి అంటించినవే ఉంటాయి. 2019లో హారియర్, వెన్యూ వచ్చినప్పటినుంచి సన్నటి లైటు పైన, అసలు హెడ్‌లైటు కింద బంపర్ దగ్గర పెట్టే పద్ధతి బాగా పాకింది. చూపుకి బాగుంటుంది. కాని చిన్న గుద్దుకి ముందు ఆనేది ఆ కింది లైటే కాబట్టి, కొనేముందే విడిగా దాని ధర ఎంతో అడిగి రాసుకోండి. వెనక ఈ చివరనుంచి ఆ చివరకి పాకే లైటు పట్టీ ధర కూడా.

ఇక మా పని. పాత క్రాసోవర్ కొంటుంటే చక్రాల పైనున్న క్లాడింగ్‌ని రెండు మూడు క్లిప్పులు ఊడదీసి చూపించమనండి. బురద లోపల చేరి తడి ఆరక, రేకు అంచు అక్కడే తుప్పు పడుతుంది, బయటికి ఏమీ కనబడదు. చిన్న అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి రేకు మీద ఆనించండి. లప్పం మందంగా పెట్టిన చోట పట్టు వదిలేస్తుంది. మీ సొంత బండికైతే వానాకాలం అయ్యాక ఒకసారి చక్రాల లోపలి అంచుల్లోకి నీళ్లు గట్టిగా కొట్టించి ఎండనివ్వండి.

ఎండకి నల్ల ప్లాస్టిక్ బూడిద రంగులోకి తిరుగుతుంది. షాంపూతో కడిగి, పూర్తిగా ఆరాక ప్లాస్టిక్ ట్రిమ్ పాలిష్ పట్టించండి. బాడీ వ్యాక్స్ దాని మీద పూస్తే తెల్లగా మరకలు కడుతుంది. కొందరు క్లాడింగ్‌కి కూడా బండి రంగే వేయమంటారు. వేయొచ్చు, ముందు ప్లాస్టిక్ ప్రైమర్ కొట్టకపోతే మాత్రం చక్రం విసిరే రాళ్లకి రంగు పొరలుగా లేచిపోతుంది. నేనైతే వద్దనే చెబుతాను. నల్లగా ఉన్నన్నాళ్లూ గోడకి రాసుకున్నా పెద్దగా తెలియదు, రంగు వేశాక ప్రతి గీతకీ షెడ్డుకి రావాలి. నాకు గిరాకీయే అనుకోండి.