ప్రధానమంత్రి స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు ఎలా చేయాలి? మాజీ సైనికులు ముందు తెరవవలసింది డిశ్చార్జ్ బుక్కు

సైన్యం నుంచి ఇంటికి వచ్చిన జవానుకు ఎదురయ్యే మొదటి పెద్ద ఖర్చు చాలావరకు పిల్లల చదువే. ఆ భారాన్ని కొంత తగ్గించడానికి కేంద్రీయ సైనిక్ బోర్డు 2006-07 నుంచి ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ పథకాన్ని నడుపుతున్నది. జాతీయ రక్షణ నిధి నుంచి వచ్చే ఈ సొమ్ము అమ్మాయికి నెలకు 3,000 రూపాయలు, అబ్బాయికి 2,500 రూపాయలు. ఏడాది మొత్తం, అంటే 36,000 లేదా 30,000, ఒకేసారి విద్యార్థి ఖాతాలో పడుతుంది. ఏటా కొత్తగా 5,500 మందిని ఎంపిక చేస్తారు, అందులో సగం అమ్మాయిలకు. విరమణ పొందిన నాటి నుంచి తోటి మాజీ సైనికుల దరఖాస్తులు దగ్గర కూర్చుని నింపిస్తున్నాను. మార్కులు చాలక తిరిగివచ్చిన వాటికంటే కాగితాల్లో పేరు కలవక తిరిగివచ్చినవే నా చేతుల మీదుగా ఎక్కువ పోయాయి. కాబట్టి పోర్టల్ సంగతి క్లుప్తంగానూ, పేరు సంగతి విసుగు పుట్టేంత వివరంగానూ రాస్తున్నాను.

మొదటి పని: అర్హత సరిచూసుకోవడం. త్రివిధ దళాల, కోస్ట్ గార్డ్ మాజీ ఉద్యోగుల పిల్లలు, వారి వితంతువులు దీనికి అర్హులు. పిల్లలకు వయసు 18 నుంచి 25 మధ్య ఉండాలి. వితంతువులకు వయోపరిమితి లేదు. బీటెక్, ఎంబీబీఎస్, బీడీఎస్, బీఫార్మసీ, బీఈడీ, బీబీఏ, బీసీఏ వంటి వృత్తివిద్యా కోర్సులో మొదటి సంవత్సరం చేరినవారే, లేదా డిప్లొమా తరువాత లేటరల్ ఎంట్రీతో నేరుగా రెండో ఏట చేరినవారే దరఖాస్తు చేయాలి. పీజీ కోర్సుల్లో ఎంబీఏ, ఎంసీఏ మాత్రమే వర్తిస్తాయి. విదేశీ చదువుకు ఇది రాదు. కోర్సుకు ముందున్న అర్హత పరీక్షలో, అంటే బీటెక్‌కు ఇంటర్, లేటరల్ ఎంట్రీకి డిప్లొమా, బీఈడీకి డిగ్రీ, 60 శాతం ఉండాలి. సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ వంటి దళాలవారికి ఇదే పేరుతో హోంశాఖ పథకం వేరుగా ఉన్నది. పేరు చూసి ఇక్కడ దరఖాస్తు పెట్టి ఒక ఏడాది పోగొట్టుకోవద్దు.

ఎంపికలో ఆరు వర్గాలున్నాయి. యుద్ధంలో అమరులైనవారి కుటుంబాలు ముందుంటాయి, తరువాత యుద్ధంలో అంగవైకల్యం పొందినవారివి, అలా చివరికి ఆరో వర్గంలో ఆఫీసరు హోదాకు దిగువన పనిచేసిన సాధారణ మాజీ సైనికుల పిల్లలు వస్తారు. మనలో ఎక్కువమంది ఈ చివరి వర్గంలోనే ఉంటాం, అక్కడ మార్కులదే పెత్తనం. కాబట్టి 60 శాతం ఉన్నది గదా అని ధీమాగా ఉండకూడదు.

సైనికుడి సొంత శిక్షణకు దారి వేరు. రక్షణశాఖ కింద ఉన్న పునరావాస డైరెక్టరేట్, అంటే డీజీఆర్, విరమణకు ముందు ఇచ్చే కోర్సుల్లో జేసీఓలకు (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లకు), జవాన్లకు ఫీజంతా ప్రభుత్వమే భరిస్తుంది. ఆఫీసర్లు 40 శాతం సొంతంగా కట్టాలి. దానికి యూనిట్‌లో ఉండగానే పేరు ఇవ్వాలి. ఊరికి వచ్చాక గుర్తుకు తెచ్చుకుని వగచేవారిని చాలామందిని చూశాను. పిల్లల స్కాలర్‌షిప్‌కు మాత్రం ఇంటికి వచ్చాక కూడా దారి తెరిచే ఉంటుంది.

రెండో పని: పేరు. అసలు చిక్కంతా ఇక్కడే.

డిశ్చార్జ్ బుక్కులో, అంటే సర్వీసు ముగిసినప్పుడు సైన్యం ఇచ్చే పుస్తకంలో, కుటుంబ వివరాలున్న పేజీ తెరవండి. చాలా పుస్తకాల్లో ఆ పేజీ క్లర్కు చేతిరాతతో, ఒక్కొక్క వరుసలో బిడ్డ పేరు, పుట్టిన తేదీ, పక్కన పార్ట్ టూ ఆర్డర్ నంబరుతో, అంటే ఆ వివరాన్ని సర్వీసు రికార్డులో ఎక్కించిన ఉత్తర్వు నంబరుతో ఉంటుంది. (నౌకాదళంలో ఈ ఉత్తర్వునే జెన్‌ఫామ్ అని, వైమానిక దళంలో పీఓఆర్ అని అంటారు.) బిడ్డ పుట్టిన కొత్తలో, నామకరణం కూడా కాకముందే, సెలవు మీద వచ్చిన తండ్రి యూనిట్‌కు వెళ్లి ఇంట్లో పిలిచే పేరు రాయించి ఉంటాడు. ఆ పేజీలో ‘దుర్గ’ అని ఉంటుంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరుతో సహా ‘దుర్గాభవాని’ అని ఉంటుంది. తండ్రికి ఇద్దరూ ఒక్కరే. పరిశీలించే అధికారి ముందున్న కాగితాల్లో మాత్రం ఇద్దరు అమ్మాయిలు.

అక్షరాలతో వచ్చే తంటా ఇంకొకటి. పేర్లన్నీ ఇంగ్లీషులో రాస్తారు గనుక ‘లక్ష్మి’ని ఉత్తరాది క్లర్కు ‘ఎక్స్’ అక్షరంతో రాస్తాడు, మన బడిలో ‘కె, ఎస్, హెచ్’ కలిపి రాస్తారు. చదివితే రెండూ ఒకటే, కంటికి రెండు. మన ఇంటిపేరు ముందు వస్తుంది. రికార్డుల్లో ఒక్కోసారి వెనక్కి పోతుంది, ఒక్కోసారి పొడి అక్షరంగా మిగిలిపోతుంది. తండ్రి పేరుకూ ఇదే గతి: పుస్తకంలో ‘అప్పారావు’ ఒకే మాటగా ఉంటే బిడ్డ మెమోలో రెండు ముక్కలుగా ఉంటుంది. పుట్టిన తేదీలో ఒక్క అంకె తేడా ఉన్నా ఇంతే.

నేను చేయించే పద్ధతి ఇది. ఒక తెల్లకాగితం మీద నాలుగు గళ్లు గీయండి: డిశ్చార్జ్ బుక్కు, పదో తరగతి మెమో, ఆధార్, బ్యాంకు పాసుబుక్కు. ఒక్కొక్క గడిలో బిడ్డ పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు, తల్లి పేరు ఇంగ్లీషు అక్షరాల్లో, ఉన్నది ఉన్నట్లుగా, ఖాళీలతో చుక్కలతో సహా ఎత్తి రాయండి. చదవకండి, అక్షరం అక్షరం చూసి దించండి; చదివితే తెలిసిన పేరే కనిపిస్తుంది, తప్పు కనిపించదు. వీలైతే ఆ పని బిడ్డ చేత కాక పక్కింటివారి చేత చేయించండి.

తేడా కనిపిస్తే ఏ కాగితాన్ని మార్చాలి? నా నియమం ఒక్కటే: పదో తరగతి మెమో కదలకూడదు, మిగిలినవన్నీ దాని దగ్గరికి రావాలి. ఆధార్, పాసుబుక్కు కొద్ది రోజుల పని. సైన్యం రికార్డును మార్చాలంటే మాత్రం మీ రెజిమెంటు లేదా కోర్ రికార్డ్ ఆఫీసుకు రాయాలి. ఈఎంఈ (యంత్రాల మరమ్మతు చూసే కోర్), ఏఓసీ (ఆయుధాలు, సామగ్రి సరఫరా చూసే కోర్) వారి రికార్డ్ ఆఫీసులు సికింద్రాబాద్‌లోనే ఉన్నాయి గనుక వారు అదృష్టవంతులు. మిగిలినవారు ఉత్తరాల మీద ఆధారపడాలి. దరఖాస్తుకు జనన ధ్రువపత్రం, మెమో, అఫిడవిట్, డిశ్చార్జ్ బుక్కు సంబంధిత పేజీల నకళ్లు జతచేసి, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా పంపించండి. ప్రతి పేజీ మీద మీ సర్వీసు నంబరు రాయండి; అది లేని కాగితం రికార్డ్ ఆఫీసులో ఎవరిదో తెలియని కాగితం. స్పీడ్ పోస్టు రసీదు దాచుకోండి. జవాబుకు నెలలు పట్టవచ్చు.

ఈ పనంతా అక్కరలేదని, ‘ఇద్దరూ ఒక్కరే’ అని నోటరీ దగ్గర ఒక అఫిడవిట్ రాయించి జతచేస్తే చాలని చెప్పేవారున్నారు. కొన్ని సందర్భాల్లో అది గడిచిపోవచ్చు కూడా. నేను ఒప్పుకోను. ఈ ఏడు స్కాలర్‌షిప్‌కు గడిచిన అఫిడవిట్ రేపు కుటుంబ పెన్షన్ దగ్గర మళ్లీ మొదటికి వస్తుంది. రికార్డు ఒకసారి సరిచేస్తే అన్నిటికీ సరిపోతుంది. మా బ్యాచ్ హవల్దారు ఒకరు ప్రకటన వెలువడ్డాకనే పుస్తకం తెరిచారు. కూతురికి ఇంటర్‌లో 1000కి 940 వచ్చాయి. రికార్డ్ ఆఫీసు నుంచి సవరణ వచ్చేసరికి గడువు దాటింది, మరుసటి ఏడు ఆ అమ్మాయి రెండో సంవత్సరంలో ఉన్నది. రెండో సంవత్సరంవారికి కొత్త దరఖాస్తు లేదు. అప్పటి నుంచి బిడ్డ పదో తరగతి మెమో చేతికి అందిన వారంలోనే ఈ నాలుగు గళ్ల కాగితం వేయమని అందరికీ చెబుతున్నాను. ఇంటర్ రెండేళ్లూ మీ చేతిలో ఉంటాయి.

మూడో పని: పోర్టల్. కేంద్రీయ సైనిక్ బోర్డు వెబ్‌సైటులో రిజిస్టరు చేసుకుని, వివరాలు నింపి, అసలు పత్రాల రంగుల స్కాన్‌లు ఎక్కించాలి. మాజీ సైనికుడి ధ్రువీకరణ జిల్లా సైనిక సంక్షేమ అధికారి సంతకంతోనూ, అక్కడ చదువుతున్నట్లు చెప్పే బోనఫైడ్ పత్రం కాలేజీ అధికారి సంతకంతోనూ, ఖాతాకు ఆధార్ అనుసంధానమైందన్న ధ్రువీకరణ బ్యాంకు నుంచీ వాటి నిర్ణీత నమూనాల్లోనే తీసుకోవాలి. కాలేజీ తన సొంత లెటర్‌హెడ్ మీద ఇచ్చే బోనఫైడ్ సొగసుగా ఉన్నా పనికిరాదు. ఒక్క జాగ్రత్త: నెట్ సెంటర్‌లో చేయించినా మొబైల్ నంబరు, ఈమెయిల్ మీవే ఇవ్వండి. సెంటర్ కుర్రవాడు తన ఈమెయిల్ పెట్టేస్తే, మీ పత్రంలో లోపం ఉన్నదన్న కబురు అతనికి వెళుతుంది, అతను పట్టించుకోడు.

తరువాత దరఖాస్తు ప్రింటు, అసలు పత్రాలు తీసుకుని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లి సరిచూపించుకోవాలి. అక్కడి నుంచి రాష్ట్ర స్థాయికి, అక్కడి నుంచి ఢిల్లీకి ఆన్‌లైన్‌లోనే కదులుతుంది. వారానికి ఒకసారి లాగిన్ అయి స్థితి చూడండి.

ఎంపికయ్యాక ప్రతి సంవత్సరం రెన్యువల్ పెట్టాలి, దానికి ఆ ఏటి పరీక్షల్లో 50 శాతం కావాలి. మార్కులు గ్రేడుల్లో ఉంటే వాటిని శాతంలోకి మార్చిన లెక్క కాలేజీ చేత రాయించి, సంతకంతో తీసుకోండి. సెలవుల్లో కాలేజీ మూతపడ్డాక ఆ సంతకం కోసం తిరగడం కంటే ఫలితాలు వచ్చిన రోజునే తెచ్చుకోవడం తేలిక.