వేడి మీద మొరాయించే పాత బండి: చల్లారేలోపు చూసుకోవాల్సినవి

పొద్దున్నే ఒక్క సెల్ఫుకి అందుకునే బండి గంటసేపు నడిపి, పావుగంట ఆపితే మళ్లీ స్టార్ట్ కాదు. ఇంకో అరగంట ఆగితే మామూలుగా స్టార్ట్ అవుతుంది. ఈ జబ్బులో చిక్కంతా అదే. మెకానిక్ చెయ్యి పెట్టేసరికి లక్షణం మాయమైపోతుంది కాబట్టి ప్లగ్గులు, కాయిల్ (ప్లగ్‌కి ఎక్కువ వోల్టేజి ఇచ్చేది), బ్యాటరీ ఊహ మీద మారుస్తూ పోతారు. పరీక్షలన్నీ బండి మొండికేసిన ఆ పది నిమిషాల్లోనే చేయాలి. డిక్కీలో మల్టీమీటర్, పనిచేసే పాత ప్లగ్ ఒకటి, ప్లగ్ స్పానర్, టార్చ్, గుడ్డ, నీళ్ల సీసా ఉంటే చాలు.

ఇంజను ఆపగానే వేడి తగ్గదు, పెరుగుతుంది. ఫ్యాన్, కూలెంట్, ఎదురుగాలి మూడూ ఒకేసారి ఆగిపోతాయి. ఇనుములో ఉన్న వేడంతా బానెట్ కిందకి చేరి, పది ఇరవై నిమిషాల పాటు పెట్రోలుని గాలితో కలిపే కార్బొరేటర్‌నీ, పెట్రోలు పంపునీ, కాయిల్‌నీ ఉడికిస్తుంది. ఆపిన నిమిషానికి స్టార్ట్ అయ్యే బండి పావుగంటకి కాకపోతే ముందు పెట్రోలునే అనుమానించండి.

సెల్ఫ్ బరువుగా తిరుగుతుంటే

తాళం తిప్పినప్పుడు వచ్చే శబ్దం శ్రద్ధగా వినండి. చల్లగా ఉన్నప్పటికంటే నిదానంగా తిరుగుతుంటే పెట్రోలు జోలికి వెళ్లొద్దు, అది కరెంటు సమస్య. రాగి తీగ 60 డిగ్రీలు అదనంగా వేడెక్కితే దాని రెసిస్టెన్స్ దాదాపు నాలుగో వంతు పెరుగుతుంది. అప్పటికే తుప్పు పట్టిన ఎర్త్ వైరు, అరిగిన బుష్‌లు ఉంటే అదే చివరి దెబ్బ.

ఇంజను అందుకోకుండా ఇగ్నిషన్ డిస్‌కనెక్ట్ చేసి, ఒకరు సెల్ఫ్ కొడుతుండగా మీటరు పెట్టండి. బ్యాటరీ మీద 9.6 వోల్టుల కంటే కిందికి పడిపోతే ముందు బ్యాటరీ సంగతి చూడాలి. బ్యాటరీ నెగటివ్ పోస్టు నుంచి ఇంజను బ్లాకు వరకు 0.2 వోల్టు దాటి చూపిస్తే ఎర్త్ దారి బాగోలేదు. పాజిటివ్ పోస్టు నుంచి సెల్ఫ్ మోటార్ బోల్టు వరకు 0.5 దాటకూడదు. ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా బరువుగా తిరిగితే సెల్ఫ్ మోటార్ విప్పించాల్సిందే. తిరుగుతూ తిరుగుతూ మధ్యలో వెనక్కి తన్నినట్టు ఆగుతుంటే మాత్రం ఇగ్నిషన్ టైమింగ్ ఎక్కువ అడ్వాన్స్‌లో ఉందేమో, అంటే స్పార్క్ మరీ ముందుగా పడుతోందేమో చూడండి.

బాగా తిరిగి అందుకోకపోతే

ముందు స్పార్క్ చూడాలి. ఒక ప్లగ్ వైరు తీసి పాత ప్లగ్‌కి తగిలించి, దాని ఒంటిని బ్లాకుకి గట్టిగా ఆనేలా పెట్టండి. కార్బొరేటర్‌కి దూరంగా ఉండాలి, చేత్తో పట్టుకోకూడదు. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ బండిలో వైరుని ఊరికే గాల్లో వేలాడదీసి సెల్ఫ్ కొడితే మాడ్యూల్ పోతుంది. నీలంగా, టపటపమని శబ్దం చేస్తూ పడితే మంచి స్పార్క్. పసుపుగా, సన్నగా ఉన్నా, అసలు పడకపోయినా తాళం ఆపేసి, తడిగుడ్డ కాయిల్ ఒంటికి చుట్టండి, టెర్మినళ్లకి తడి తగలనివ్వకండి. మూడు నిమిషాల తర్వాత స్పార్క్ తిరిగొస్తే కాయిల్ లోపలి ఇన్సులేషన్ వేడికి తెగుతున్నట్టే. కొత్త కాయిల్ కూడా త్వరగా పోతుంటే దాని ప్రైమరీ చుట్ట రెసిస్టెన్స్ కొలవండి. బాలస్ట్ రెసిస్టర్ (కాయిల్‌కి వెళ్లే కరెంటుని తగ్గించేది) లేని బండికి సుమారు 3 ఓమ్‌ల కాయిల్ కావాలి. 1.5 ఓమ్‌లది వేస్తే అది కాలిపోవడం ఖాయం. డిస్ట్రిబ్యూటర్‌లో కాయిల్ కరెంటుని తెంపే పాయింట్లు నల్లగా మాడి ఉంటే వాటికి జతగా ఉండే కండెన్సర్ మార్చండి, వేడెక్కాకే పనిచేయడం మానేయడం దానికి అలవాటు.

స్పార్క్ బాగుంటే ఎయిర్ క్లీనర్ తీసి, టార్చ్‌తో కార్బొరేటర్ గొంతులోకి చూడండి. దగ్గర్లో నిప్పు ఉండకూడదు. ఇక్కడ పూర్తిగా ఎదురెదురు లక్షణాలు రెండు కనిపిస్తాయి, రెండింటికీ మూలం వేడే. ఇంజను ఆగి ఉన్నా మెయిన్ నాజిల్ నుంచి చుక్క తర్వాత చుక్క రాలుతూ, థ్రాటిల్ పలక (ఎక్సిలరేటర్‌తో తెరుచుకునేది) తడిసి మెరుస్తూ, ఘాటుగా వాసన వస్తుంటే కార్బొరేటర్‌లో పెట్రోలు నిలవుండే ఫ్లోట్ గిన్నెలో పెట్రోలు మరిగి పొంగింది. అలా కాక, థ్రాటిల్ లీవరు చేత్తో లాగినా కార్బొరేటర్‌లోని ఎక్సిలరేటర్ పంపు జెట్ నుంచి ధార రాకపోతే గిన్నె ఎండిపోయింది, లేదా లైనులో ఆవిరి పట్టింది. పారదర్శకమైన ఫిల్టరు సగమే నిండి కనిపిస్తే మాత్రం కంగారు పడకండి, చాలా బండ్లలో అది మామూలే.

పొంగినప్పుడు ఎక్సిలరేటర్ అడుగు దాకా తొక్కి, కదపకుండా పట్టుకుని 5 నుంచి 8 సెకన్లు సెల్ఫ్ కొట్టండి. పదేపదే తొక్కితే ప్రతిసారీ ఇంకాస్త పెట్రోలు లోపలికి పోతుంది. ఎండినప్పుడు ఇంజను మీద బిగించిన పెట్రోలు పంపుకి తడిగుడ్డ చుట్టి, ప్రైమింగ్ లీవరు ఉంటే చేత్తో కొట్టండి. రెండు ప్రయత్నాల మధ్య సెల్ఫ్‌కి కనీసం అర నిమిషం విశ్రాంతి ఇవ్వాలి.

శాశ్వతంగా బాగుపడాలంటే కార్బొరేటర్ కిందున్న, ఇంజను వేడిని పైకి రానివ్వని బేకలైట్ స్పేసర్ చూడండి. పాత బండ్లలో ఎవరో ఎప్పుడో తీసేసి ఉత్త గాస్కెట్ వేసి ఉంటారు. అది తిరిగి వేయడం, పెట్రోలు గొట్టాన్ని సైలెన్సర్ మానిఫోల్డ్ నుంచి దూరంగా జరపడం, ఫ్లోట్ లెవల్, గిన్నెలోకి పెట్రోలు వదిలే నీడిల్ వాల్వ్ సరిచేయడం — ఈ మూడింటితోనే చాలా బండ్లు దారికొస్తాయి. మోటార్‌సైకిళ్లకైతే ట్యాపెట్ గ్యాప్ (వాల్వ్‌కీ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఖాళీ) కూడా కొలవాలి, రాత్రంతా చల్లారిన ఇంజను మీదే. గ్యాప్ మరీ తక్కువైతే వేడికి సాగిన ఎగ్జాస్ట్ వాల్వ్ పూర్తిగా మూసుకోక కంప్రెషన్ పోతుంది.

కార్బొరేటర్ బదులు ఇంజెక్టర్లున్న పెట్రోలు బండిలో తాళం ఆన్‌లో మూడు సెకన్లు పెట్టి ఆపడం మూడుసార్లు చేసి, తర్వాత సెల్ఫ్ కొట్టండి. అప్పుడు అందుకుంటే లైనులో ప్రెషర్ నిలవడం లేదు. పెట్రోలు వెనక్కి పోకుండా ఆపే పంపు చెక్ వాల్వ్ గానీ, కారుతున్న ఇంజెక్టర్ గానీ కారణం. సెల్ఫ్ తిరుగుతున్నా ఆర్‌పీఎం ముల్లు అసలు కదలకపోతే ఇంజను తిరగడాన్ని పసిగట్టే క్రాంక్ సెన్సర్ మీద అనుమానం పెట్టుకోండి. లోపలి తీగ చుట్ట వేడికి తెగి, చల్లారాక మళ్లీ అతుక్కుంటుంది.

పాత రోటరీ పంపు డీజిల్ బండ్లలో వేడెక్కిన డీజిల్ పలచబడి, అరిగిన రోటర్ పక్క నుంచి జారిపోతుంది, నాజిళ్లకి చేరదు. పంపు మీద తడిగుడ్డ వేసి పది నిమిషాలాగితే స్టార్ట్ అవుతుందంటే దోషం అదే. నేరుగా నీళ్లు మాత్రం పోయొద్దు, పంపు పట్టేస్తుంది. దానికంటే ముందు స్టాప్ సోలినాయిడ్ (డీజిల్ దారిని తెరిచి మూసే కరెంటు వాల్వ్) తాళం తిప్పగానే టక్కుమంటోందో లేదో వినండి, అది చాలా చవకైన పార్టు.

మరమ్మతు అయ్యాక చల్లని ఇంజను మీద పరీక్షించి వదిలేయొద్దు. అరగంట నడిపి, బానెట్ మూసే ఉంచి పదిహేను నిమిషాలు ఆపి స్టార్ట్ చేయండి. వరసగా మూడుసార్లు అందుకుంటేనే పని పూర్తయినట్టు.