విమానంలో కుదుపులు: భయపడండి, కానీ బెల్టు పెట్టుకుని భయపడండి

ఉరుములు మెరుపుల సీజన్లో మధ్యాహ్నం ఫ్లైట్ ఎక్కబోతున్నారంటే కుదుపులు ఉంటాయనే అనుకుని ఎక్కండి. ఎండకి నేల వేడెక్కి, గాలి పైకి లేచి, పెద్ద పెద్ద మబ్బులు కట్టే వేళ అది. భయం ఎక్కువున్నవాళ్ళు పొద్దున్నే బయల్దేరే ఫ్లైట్, అందులోనూ రెక్కల దగ్గర సీటు చూసుకుంటే కాస్త నయం, తోక దగ్గర ఊపు బాగా తెలుస్తుంది. పోనీ చలికాలంలో వెళ్తున్నాం కదా అని నిశ్చింతగా ఉండటానికీ లేదు, చాలా ఎత్తులో వీచే జెట్ స్ట్రీమ్ గాలులు ఆ కాలంలోనే బలంగా ఉంటాయి, వాటి అంచుల్లో ఆకాశం నిర్మలంగా కనిపిస్తూనే విమానం ఊగిపోతుంది. పైలట్ల దగ్గరుండే రాడార్ మబ్బుల్లోని నీటి చుక్కల్ని పట్టుకుంటుంది గానీ ఉత్త గాలిని చూడలేదు. అందుకే ఆ రకం కుదుపు చెప్పి రాదు.

కుదుపు మొదలవగానే ఒకసారి చుట్టూ చూడండి. ఒకరు సీటు చేతుల్ని బిగించి పట్టుకుంటారు, ఒకరు కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంటారు, ఇంకొకరు పక్కనున్నది తెలియని మనిషని కూడా మర్చిపోయి చెయ్యి పట్టేసుకుంటారు, కొందరు అనవసరంగా పకపకా నవ్వుతారు (అదీ భయమే), ఎవరో ఒకరు ఫోన్ తీసి వీడియో మొదలుపెడతారు, మిగతావాళ్ళంతా ఎయిర్ హోస్టెస్ మొహం వైపు చూస్తారు. వీడియో తీసేవాళ్ళ సంగతి పక్కన పెడితే వీళ్ళెవరితోనూ నాకు పేచీ లేదు. నాకు టెన్షన్ వచ్చేది 'ఇవన్నీ మామూలే, మేం ఎన్ని చూళ్ళేదు' అంటూ బెల్టు ఊడదీసి కాళ్ళు చాపుకునే అనుభవజ్ఞుల్ని చూస్తే.

ఇప్పటి పెద్ద విమానాలు కుదుపులకి విరిగిపోతాయన్న భయం దాదాపు అక్కర్లేదు. సర్వీసులో ఎదురవ్వచ్చని లెక్కగట్టిన గరిష్ఠ భారానికి ఒకటిన్నర రెట్లు తట్టుకునేలా కట్టాలని రూలు. 1995లో బోయింగ్ 777 రెక్కల్ని పరీక్ష కోసం కావాలనే పైకి వంచుకుంటూ పోతే, ఆ గరిష్ఠ భారంలో 154 శాతం దగ్గరికి వచ్చాకే విరిగాయి. కిటికీలోంచి చూస్తే రెక్క కొస ఊగుతూ కనిపిస్తుందే, అది అలా ఊగేలానే చేశారు. కాబట్టి దెబ్బలు తగిలేది విమానానికి కాదు, లోపల వదులుగా ఉన్నవాటికి. మనుషులు, ట్రాలీలు, ల్యాప్‌టాప్‌లు, వేడి కాఫీ.

2024 మే 21న లండన్ నుంచి సింగపూర్ వెళ్తున్న సింగపూర్ ఎయిర్‌లైన్స్ విమానం మయన్మార్ మీద దాదాపు 37,000 అడుగుల ఎత్తులో ఉన్నప్పుడు ఏం జరిగిందో దర్యాప్తువాళ్ళు డేటా రికార్డర్ నుంచి తీసి చెప్పారు. బెల్టు గుర్తు వెలిగిన కొద్ది సెకన్లకే అసలు కుదుపు వచ్చింది. 0.6 సెకన్లలో విమానం ఎంత వేగంగా కిందికి లాగిందంటే బెల్టు లేనివాళ్ళు గాల్లోకి లేచిపోయారు, ఆ తర్వాత నాలుగు సెకన్లలోపే అది తిరిగి పైకి తోసేసరికి లేచినవాళ్ళంతా కింద పడ్డారు. ఒక ప్రయాణికుడు చనిపోయారు, గుండెపోటు కావచ్చన్నారు. చాలామందికి తల, మెడ, వెన్ను దెబ్బతిన్నాయి. ఇంతా చేసి విమానం దిగిన ఎత్తు 178 అడుగులు. వేల అడుగులు పడిపోయాం అని అందరికీ అనిపిస్తుంది, అలా అనిపించడంలో తప్పేం లేదు, కానీ మామూలు కుదుపుల్లో అయితే విమానం దిగేది ఇంతకంటే చాలా తక్కువే.

గుర్తు వెలిగాక బెల్టు వెతుక్కుంటే ఆలస్యమైపోవచ్చు, కూర్చున్నంతసేపూ పెట్టుకునే ఉండాలి అనేది ఇందుకే. పొట్ట మీద కాకుండా తుంటి ఎముకల మీదికి దించి, వదులు లేకుండా లాగండి. గర్భిణులు పొట్ట కిందుగా పెట్టుకోవాలి. నిద్రపోయేటప్పుడు దుప్పటి పైనుంచి బెల్టు పెట్టుకుంటే సిబ్బందికి కనిపిస్తుంది, మిమ్మల్ని లేపి అడగరు.

చంటిపిల్లల విషయంలో మొహమాటం లేకుండా చెప్తాను. ఒళ్ళో గట్టిగా పట్టుకున్నాం కదా అనే ధీమా పెద్ద కుదుపు దగ్గర పనికిరాదు, ఆ ఊపుకి ఎంత బలమైన చేతులైనా జారిపోతాయి. స్తోమత ఉంటే బిడ్డకి వేరే సీటు తీసుకుని, విమానాల్లో వాడటానికి అనుమతి ఉన్న చైల్డ్ సీటులో కూర్చోబెట్టడం అన్నిటికంటే మేలు. లేదంటే సిబ్బంది ఇచ్చే పసిపిల్లల బెల్టునైనా అడిగి తీసుకోండి. మీ బెల్టునే ఇద్దరికీ కలిపి చుట్టడం మాత్రం వద్దు, మీ బరువంతా బిడ్డ మీద పడుతుంది.

టాయిలెట్‌కి వెళ్ళాలంటే విమానం నిలకడగా ఉన్నప్పుడే వెళ్ళొచ్చేయండి. లోపలుండగా కుదుపు మొదలైతే బయటికి పరుగెత్తొద్దు, మూత వేసి కూర్చుని గోడకున్న పిడి పట్టుకోండి. నడవాలో చిక్కుకుంటే దగ్గర్లో ఏ సీటు ఖాళీగా ఉంటే అందులో కూర్చోండి, అది బిజినెస్ క్లాసైనా ఆ క్షణంలో ఎవరూ ఏమీ అనరు. ఖాళీ లేకపోతే కింద కూర్చుని పక్క సీటు కాలునో, చేతినో పట్టుకోండి. పరువు గురించి తర్వాత ఆలోచించుకోవచ్చు.

వేడి పదార్థాలతో ఇంకో తంటా. కొరియన్ ఎయిర్ 2024 ఆగస్టులో ఎకానమీలో కప్పు నూడుల్స్ ఇవ్వడమే మానేసింది, వేడినీళ్ళు ఒలికి కాలుతున్నాయని. ఊపు మొదలైతే కప్పు సగమే తాగినా సరే సిబ్బందికి ఇచ్చేయండి. ఫోన్, ల్యాప్‌టాప్ సీటు ముందరి సంచిలోకో, సీటు కిందికో వెళ్ళిపోవాలి. వీడియో తీసేవాళ్ళకీ ఇదే మాట, మీ చేతిలోంచి ఎగిరిన ఫోన్ వెనక వరసలో ఎవరి నుదుటికి తగులుతుందో మీకు తెలీదు.

సిబ్బంది గబగబా వెళ్ళి కూర్చున్నారంటే విమానం పనైపోయిందని అర్థం కాదు. అమెరికా లెక్కల్లో 2009 నుంచి 2022 వరకు కుదుపుల్లో తీవ్రంగా గాయపడ్డ 163 మందిలో 129 మంది విమాన సిబ్బందే. నిలబడి పని చేసేది వాళ్ళే కదా మరి. అలాంటప్పుడు మంచినీళ్ళ కోసం బెల్ నొక్కకండి.

ఇక భయం. దాన్ని ఆపడానికి కుస్తీ పడితే ఇంకా పెరుగుతుంది. ఊపిరి బిగబట్టకండి, మెల్లగా పీల్చి అంతకంటే మెల్లగా వదలండి. పాదాలు నేల మీద ఆనించి, భుజాలు వదులు చేయండి. ఇంజిన్ శబ్దం తగ్గిందంటే ఆగిపోయిందని కాదు, కుదుపుల్లో పైలట్లు కావాలనే వేగం తగ్గిస్తారు, వీలుంటే వేరే ఎత్తుకి మారడానికి అనుమతి అడుగుతారు. అలవాటు లేని చేత్తో కాగితం మీద మీ పేరు రాస్తూ కూర్చోవడం కూడా కొందరికి పనిచేస్తుంది, బుర్ర ఆ గీతల మీదికి మళ్ళుతుంది. ధైర్యం కోసం మందు తాగడం, కాఫీ మీద కాఫీ లాగించడం రెండూ వద్దు.

పక్కనున్నవాళ్ళు వణుకుతుంటే 'ఇంత దానికేంటండీ' అనకండి, మీకు తెలిసిన విమాన ప్రమాదాల చరిత్ర అప్పుడే మొదలుపెట్టకండి. ఎక్కడికి వెళ్తున్నారు, ఎవరొస్తున్నారు తీసుకెళ్ళడానికి, ఇలాంటి మామూలు ప్రశ్నలు చాలు. ఎవరైనా గట్టిగా అరుస్తుంటే వాళ్ళ మీద మీరూ అరవకండి, ఒక అరుపు నాలుగు వరసలకి పాకడానికి ఎంతోసేపు పట్టదు.

కుదుపు ఆగగానే లేచి నిలబడేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. రెండో ఊపు రావచ్చు, గుర్తు ఆరేదాకా కదలొద్దు. తలకో మెడకో దెబ్బ తగిలితే చిన్నదే కదా అని ఊరుకోకుండా సిబ్బందికి చెప్పండి, ముందుగా చెప్తే దిగేచోట డాక్టర్‌ని సిద్ధంగా ఉంచుతారు. దిగేటప్పుడు పైన సామాన్ల అర తలుపు ఒక చేత్తో కొద్దిగా తెరిచి, రెండో చెయ్యి అడ్డం పెట్టి చూడండి, ఆ ఊపుకి లోపలి బ్యాగులు తలుపు మీదికి ఒరిగి ఉంటాయి.